కొండమీద దాచిన కుక్కలు

సాలెతోగా ఊరి మహిళా సంఘం తనిఖీకి బయలుదేరిందంటే దిండు గలీబులకు కాళ్లు వచ్చేవి. మొదటి ఇంట్లో అందరూ మెచ్చుకున్న ఎర్రమందారాల గలీబు, సంఘంవాళ్లు రోడ్డు దాటేలోగా వెనకదారిన పరుగెత్తి, మూడో ఇంటి దిండుకు తొడుక్కొని, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఈ సంగతి అందరికీ తెలుసు; అధ్యక్షురాలు ఫువతీనోకు అందరికంటె బాగా తెలుసు. తెలిసినా పట్టించుకునేది కాదు. అరువు తెచ్చుకొనైనా శుభ్రంగా కనబడాలన్న సిగ్గు మనిషిలో ఉన్నంతకాలం ఊరికి ఢోకా లేదని ఆమె నమ్మకం. ఆ సిగ్గును వదిలేసినవాళ్లనే ఆమె సహించలేకపోయేది.

ఆమె ఆ ఊళ్లో పుట్టినది కాదు. సవాయి దీవికి అవతలి తీరాన ఒక చర్చి బోధకుడి కూతురు. ఇయోసెఫోను పెళ్లాడి కోడలిగా వచ్చింది. ఆడపడుచు మాటకున్న బరువు కోడలి మాటకు ఎక్కడినుంచి వస్తుంది? సభ జరిగేటప్పుడు ఆడపడుచులు ముందు చాపలమీద కూర్చుంటే, కోడళ్లు వెనక పొయ్యిరాళ్ల దగ్గర సీమపనస ఒలుస్తూ, తమ పేరు ఎప్పుడైనా వినబడుతుందేమోనని చెవులు రిక్కించి ఉండేవారు. ఇయోసెఫోకు కుటుంబ పెద్ద బిరుదు దక్కాక ఆమె చాప ఒక వరుస ముందుకు జరిగింది. మిగిలిన వరుసలన్నీ ఆమె చీపురుతో జరిపించుకున్నవే. ఊళ్లో దోమతెరకు చిరుగు ఉంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు. మరుగుదొడ్డి తలుపు ఊడితే మేకు, సుత్తి తీసుకొని తానే వెళ్లేది. తనను కోడలని ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే ఊరిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఆమె బతుకు లెక్క అది.

ఆమె లెక్కకు లొంగనిది ఒక్క సిపోరా. ఇయోసెఫోకు వరసకు అక్క, పెళ్లి చేసుకోలేదు, ఊరికి నిఖార్సయిన ఆడపడుచు. కొండదారి మొదట్లో, చామతోటను ఆనుకొని ఆమె ఇల్లు. తనిఖీ నాడు కూడా ఆమె దిండుకు గలీబు ఉండేది కాదు.

"వదినా, కనీసం చాపన్నా దులపకూడదూ?" అని ఫువతీనో అంటే,

"ఇది మా నాన్న చాప. ఈ దుమ్ములో మా నాన్న కాలిదుమ్ము కూడా ఉంది. నువ్వు దులిపితే దులుపు," అనేది.

అడవిపందులు చామతోటలో పడకుండా సిపోరా కుక్కలను పెంచేది. వాటిలో పెద్దది ఒక ఆడకుక్క. గజ్జి పట్టి వీపున బొచ్చు రాలిపోయి, ఒక చెవి చిరిగి, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చన్నట్టు ఉండే ఆ కుక్కకు ఆమె పెట్టిన పేరు సీనా. పాత కథల్లో చందమామను మించిన అందగత్తె పేరు అది. ఊరు దాన్ని బోడిసీనా అని పిలిచేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, ఆపియా నగరం నుంచి డాక్టర్ మిరియామా అనే పశువైద్యురాలు ఓడలో సముద్రం దాటి వచ్చింది. చిన్న వయసు, నెమ్మది మాట. మహిళా సంఘాన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పింది. పార్వో అనే వైరస్ ఒకటి కుక్కల పేగుల్లో పడుతుంది. కూనలైతే నెత్తురు విరేచనాలై రెండు మూడు రోజుల్లో పోతాయి. గట్టి కుక్కలు కొన్ని తట్టుకుంటాయి.

"తట్టుకున్న కుక్క రక్తం ఆ జబ్బును మర్చిపోదమ్మా. ఎన్నాళ్లకు పరీక్ష చేసినా గుర్తు కనబడుతుంది. ఏ ఊళ్లో ఎన్ని కుక్కలకు ఆ గుర్తుందో చూస్తే, ఆ వైరస్ ఏ మట్టిలో కాపురం పెట్టిందో తెలుస్తుంది. మా దగ్గరున్న టీకా అన్ని ఊళ్లకూ చాలదు. గుర్తు ఎక్కువున్న ఊళ్లలో కూనలకు ముందు వేస్తాం. మీరు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు. మంచివీ చెడ్డవీ అని ఏరకుండా, మీ వాకిట్లో ఏవుంటే అవి తీసుకురండి, చాలు."

ఫువతీనో ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నది. చివరి మాటను మాత్రం తన ఊరి చెవితో విన్నది. ఏది ఉంటే అది పెట్టండి అనే మాట వచ్చిన ప్రతి అతిథీ అనేదే. అన్నాడు కదా అని ఉన్నదే పెట్టే ఇల్లాలు ఆ దీవిలో ఎక్కడైనా ఉంటుందా? అతిథి వద్దన్నకొద్దీ కొవ్విన పందిని కోస్తారు. పెద్ద చామదుంప ఏరి పెడతారు. కొత్త చాప పరుస్తారు. పైగా ఆ 'గుర్తు' అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. గుర్తు అంటే మచ్చ. మచ్చ అంటే తనిఖీలో తప్పిన మార్కు.

డాక్టరు వెళ్లగానే ఆమె సంఘానికి తన ఆజ్ఞ వినిపించింది.

"రేపు తెల్లారేసరికి మంచి కుక్కలన్నిటికీ సబ్బుతో స్నానం. గజ్జివి, కుంటివి, బక్కవి ఒక్కటి కూడా రోడ్డుమీద కనబడకూడదు. కుర్రాళ్లు ట్రక్కులో ఎక్కించి పై తోటల్లో కట్టేసి వస్తారు. సూది పని అయ్యాక దింపుకోవచ్చు."

"మా ఆయన్ని కూడా ఎక్కించమంటావా అక్కా? ఆయనా బక్కే, కుంటే," అని వెనకనుంచి ఒకామె అన్నది. చాపలన్నీ నవ్వాయి.

సిపోరా నవ్వలేదు. ముందు వరుసలోనే కూర్చొని, కాళ్లమీద చాప కొస కప్పుకొని ఉన్నది.

"నా సీనాను తీసుకొస్తా. పోయిన ఈతలో దాని కూనలన్నీ నెత్తురు విరేచనాలై చచ్చాయి. ఆ పిల్ల చెప్పిన జబ్బు అదే అనిపిస్తోంది. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. డాక్టరుతో చెప్పుకుంటా."

"వదినా, ఆ బోడిదాన్ని తెచ్చి డాక్టరు ముందు నిలబెడితే సాలెతోగా అంతా ఇంతేనని రాసుకుపోతుంది. ఊరి పరువు తీస్తావా?"

"పరువుకేం? పరువుకి విరేచనాలు కావుగా. కూనలకవుతాయి."

"అయితే ముందు నీ ఇంట్లో చాప దులుపు. తర్వాత డాక్టరుకి కథలు చెబుదువుగాని!"

మళ్లీ నవ్వు. ఈసారి అది సిపోరామీద. ఆడపడుచును కోడలు సభలో అంత మాట అనడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. ఆ నవ్వు తన పక్షాన లేచిందన్న వేడిలో ఫువతీనోకు అది తోచలేదు. సిపోరా చాప కొసను నెమ్మదిగా కాళ్లమీదనుంచి తీసి పక్కన పెట్టింది. "సరే, కోడలు చెప్పినట్టే కానివ్వండి," అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు కుక్కలు కొబ్బరినూనెతో మెరిసిపోయాయి. ఫువతీనో కంచెలోపల ఉంచి పెంచుకున్న కుక్క తైకా మెడకు చర్చి టోపీకి కట్టే తెల్ల రిబ్బను కట్టారు. డాక్టరు ఒక్కొక్క కుక్కనూ బుజ్జగించి, ముందు కాలినుంచి కాస్త రక్తం తీసుకొని, సీసామీద చీటీ అంటించింది. పని అయ్యాక అటూ ఇటూ చూసింది.

"ఇంత నిగనిగలాడే కుక్కల్ని నేనింకెక్కడా చూడలేదమ్మగారూ. ఇవేనా? ఇంకేం లేవా?"

"ఇవేనమ్మా," అన్నది ఫువతీనో, కళ్లలోకి చూసి.

సరిగ్గా అప్పుడే కొండమీదినుంచి గాలి దిగివచ్చింది. దానితోపాటు, కట్టేసిన కుక్కలన్నీ ఒక్కసారిగా ఎత్తుకున్న రాగమూ వచ్చింది. డాక్టరు తల ఎత్తింది.

"పైన అవేంటి?"

"పందులవేట," అన్నాడు ఇయోసెఫో తొణకకుండా. "పై ఊరివాళ్లు వస్తుంటారు."

"మంచి పాటగాళ్లే," అని ఎవరో గొణిగారు. ఆడవాళ్లు నోటికి విసనకర్రలు అడ్డం పెట్టుకున్నారు.

నెల తిరిగేసరికి ఫలితం వచ్చింది. రక్తం ఇచ్చిన ముప్పై కుక్కల్లో నాలుగింటికే గుర్తు. ఆ తీరంలో ఇంత తక్కువ మరే ఊళ్లోనూ లేదు. పక్క ఊరు ఆసుతావులో సగానికిపైగా కుక్కలకు తగిలి ఉన్నదట. డాక్టరు స్వయంగా వచ్చి సభలో ఈ మాట చెప్పింది; మెచ్చుకున్నది; టీకా ముందు ఆసుతావుకు, ఆ తరువాత మిగిలిన ఊళ్లకు, సాలెతోగాకు వచ్చే ఏడు ఇస్తామన్నది. "మీ మట్టిలోకి ఇంకా రాలేదమ్మా, అదృష్టవంతులు," అన్నది. పాస్టరు భార్య లేచి ఫువతీనో మెడలో పూలదండ వేసింది. చప్పట్లు మోగాయి. కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో ముందు చాపమధ్య ఆమె కూర్చున్నది ఆనాడే. చప్పట్లు కొట్టనివి రెండే చేతులు, అవి సిపోరావి. ఆ చేతులవైపు చూడకూడదని ఫువతీనో ఎంత అనుకున్నా, కళ్లు అటే పోయాయి.

సీనా ఆరు కూనలను పెట్టింది. ఊళ్లో పిల్లలందరూ ఆ కొండదారి ఇంటికి చేరారు. పిల్లలు లేని సిపోరా ఇల్లు ఏడాదికోసారి పిల్లలతో నిండేది ఆ కూనల పుణ్యానే. ఏ కూన ఎవరిదో పంపకాలయ్యాయి, పేర్లయ్యాయి, పేర్లమీద కొట్లాటలయ్యాయి. ఫువతీనో రోడ్డున పోతూ ఆ సందడి విని, ఎందుకో నడక తొందర చేసుకునేది.

కూనలు గంజి తాగడం నేర్చిన వారానికి ఆ సందడి ఆగిపోయింది.

మొదట ఎవరూ ఆమెతో చెప్పలేదు. చామ ఆకులకని కొండదారి ఎక్కుతూ తానే చూసింది. ఇంటి స్తంభం పక్కన సిపోరా బాసింపట్టు వేసుకొని కూర్చున్నది. ఒళ్లో తడిగుడ్డ, గుడ్డలో చివరి కూన. ఆ వాసన దారిదాకా వస్తున్నది. కొబ్బరిచెట్ల కింద కొత్తగా తవ్వి కప్పిన మట్టి గుట్టలు. సీనా మాత్రం ఏ జబ్బూ లేకుండా, ఆ గుట్టలను ఒక్కొక్కటిగా వాసన చూసుకుంటూ తిరుగుతున్నది. అప్పుడు అర్థమయింది ఫువతీనోకు. సీనా రక్తానికి ఈ జబ్బు తెలుసు. తాను కొండమీద కట్టేయించింది ఊరి మచ్చను కాదు. డాక్టరు వెతుక్కుంటూ వచ్చిన జవాబునే.

సిపోరా తల ఎత్తి చూసింది. తిడుతుందనుకున్నది ఫువతీనో. తిట్టినా బాగుండేది.

"చామ ఆకులకా? అటువైపు లేతవున్నాయి," అన్నది సిపోరా. మళ్లీ గుడ్డలోకి వంగింది.

ఫువతీనో ఆకు కోయకుండానే దిగివచ్చింది. ఆ వారంలోనే పాస్టరుగారి కుక్కపిల్ల పోయింది. కొట్టు దగ్గర ఇంకొకటి మంచం పట్టింది. కంచె దాటని తైకా కూడా అన్నం ముట్టకుండా మూలకు చేరింది. ఊళ్లో ఇంకా ఎన్నో ఇళ్లలో కూనలున్నాయి. టీకా వచ్చే ఏడు.

"డాక్టరుకి చెప్పాలి," అన్నది ఆమె భర్తతో.

"ఏమని? రక్తం తీసింది వాళ్లు, లెక్క వేసింది వాళ్లు. జబ్బు కొత్తగా వచ్చిందని చెప్పు. అబద్ధమేం కాదుగా."

"అబద్ధమే. పోయినేడే వచ్చింది. సిపోరా వదిన చెప్పబోతే నోరు మూయించాను."

"దండ వేయించుకున్న మెడ అది, ఫువతీనో. ఆ మెడ వంచితే నీ ఒక్కదానిదే కాదు, నా బిరుదుదీ వంగుతుంది. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకున్నది. ఏ గిన్నె తోముతున్నా అదే. కొత్తగా వచ్చిందని చెబితే టీకా రావచ్చు. కాని అప్పుడు ఆ లెక్క అలాగే నిలబడిపోతుంది. సిపోరా చెప్పబోయింది కథగానే మిగిలిపోతుంది. పైగా కొత్త జబ్బో పాతదో తేల్చేందుకు వాళ్లకు ఎన్నాళ్లు పడుతుందో! ఇంట్లో కూర్చొని ఎన్ని విధాల చెప్పిచూసుకున్నా, తన పేరు పైకి రాకుండా సాగే వాక్యం ఒక్కటీ అమరలేదు.

సాలెతోగాలో ఫోను సిగ్నలు సరిగా అందేది సముద్రపు గోడ దగ్గర, కొట్టు ముందర, బస్సు ఆగే చోట. ఊళ్లో ఎవరి రహస్యమైనా అక్కడే బయటపడేది. చేపలవాళ్లు, గొడుగులవాళ్లు, గోడమీద ఊరికే కూర్చున్నవాళ్లు అందరూ ఉండగానే ఆమె ఫోను చెవిన పెట్టుకున్నది. సముద్రంవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"డాక్టరమ్మా, నేను సాలెతోగా ఫువతీనోని. ఆ రోజు... మేం కుక్కలన్నీ చూపించలేదమ్మా."

"ఏంటమ్మగారూ? వినబడట్లేదు."

"అన్నీ చూపించలేదు. కొన్నిటిని దాచాం."

"గాలి హోరమ్మా. కొంచెం గట్టిగా చెప్పండి."

ఆ క్షణానికే ఆసుతావు బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సులో మోగుతున్న పాట కూడా ఆగిపోయింది.

"దాచాం! జబ్బు కుక్కల్ని కొండమీద దాచాం! ఎవరూ కాదు, నేనే దాయించాను!"

కిటికీలన్నిటిలోనుంచీ తలలు బయటికి వచ్చాయి.

"ఏం దాచిందట? బంగారమా?"

"కుక్కలనంట!"

"మొన్న పూలదండ వేయించుకున్నది ఈమేనా? ఔరా! మా ఊరి కుక్కల్ని పట్టుకొని రోగిష్టివన్నారే వీళ్లు!"

"ఓ అక్కా, ఈసారి దాచాలంటే మా ఊళ్లో దాచు. మా దగ్గర చోటుంది!"

బస్సంతా గొల్లుమన్నది. ఆమె సొంత ఊరివాళ్లు నవ్వలేదు, నేలచూపులు చూశారు. ఆ నవ్వుకంటె ఈ నేలచూపులు ఆమెను ఎక్కువ కాల్చాయి.

"ఎన్నిటిని దాచారమ్మగారూ?" అన్నది ఫోనులో డాక్టరు.

"చూపించినన్ని ఉంటాయమ్మా."

"సరే. వస్తున్నాను."

వచ్చింది. కసురుకోలేదు, ఆ మంచితనమే ఫువతీనోకు శిక్ష అయింది. ఈసారి ట్రక్కు కొండమీదినుంచి కిందికి దిగింది. గజ్జివీ కుంటివీ బక్కవీ, కట్టు తెలియని తోటకుక్కలూ అన్నీ రోడ్డున నిలబడ్డాయి. కరవబోయిన వాటిని ఫువతీనో తన ఒళ్లో అదిమి పట్టుకున్నది. ముంజేతికి పళ్లు దిగినా వదలలేదు. కొత్త లెక్కలో, కొండమీద దాచిన కుక్కల్లో మూడింట రెండు వంతులకు గుర్తు ఉన్నది. ఆ వైరస్ సాలెతోగా మట్టిలో కాపురముండి ఏళ్లయింది. టీకా మాత్రం ఆ లెక్క కోసం ఆగకుండా మరునాటి ఓడలోనే వచ్చింది. బతికి ఉన్న కూనలకు వేశారు. తైకా బతకలేదు. మిగిలిన ఊళ్ల లెక్కలు కూడా డాక్టరు తిరగదోడవలసి వచ్చింది, ప్రతి ఊళ్లోనూ అడుగుపెట్టగానే ఆమె ముందు కొండవైపు చూసి, "పైన ఏం లేవు కదా?" అని అడుగుతున్నదని, అడిగినప్పుడల్లా జనం సాలెతోగా పేరు చెప్పి నవ్వుతున్నారని బస్సుమీద కబురు వచ్చేది.

ఫువతీనో అధ్యక్షురాలి పదవి వదులుకుంటానన్నది. అలాంటప్పుడు తేల్చవలసినది ఆడపడుచే. అందరూ సిపోరావైపు చూశారు.

"ఉండనివ్వండి," అన్నది సిపోరా. "ఈమె పోతే మరుగుదొడ్ల తలుపులకు మేకులు ఎవరు కొడతారు? నేను కొట్టను."

కొందరు నవ్వారు. అది క్షమించడం కాదని ఫువతీనోకు తెలుసు.

తరువాతి తనిఖీ నాడు, ఇల్లిల్లూ చూస్తూ కొండదారి మొదటికి వచ్చేసరికి సంఘంవాళ్లు నెమ్మదించారు. ఎవరికీ లోపలికి వెళ్లే ధైర్యం లేకపోయింది. ఫువతీనో వాళ్లను పంపేసింది. ఒక్కతే వెళ్లి, అరుగు ఎక్కకుండా, ఇంటిచుట్టూ పరిచిన గులకరాళ్లమీద, ఎండలో కూర్చున్నది. కోడలు కూర్చునే చోటుకంటె కూడా కిందిచోటు అది. లోపల సిపోరా కొబ్బరి కోరుతున్నది, చూసింది, కోరుతూనే ఉన్నది. ఎండ మెడమీదికి వచ్చింది. చిప్ప అయిపోయి మరొక చిప్ప మొదలయింది.

"చూడడానికేం లేదు. గలీబు లేదు, చాప దులపలేదు. రాసుకొని పో," అన్నది సిపోరా.

"అందుకు రాలేదు వదినా. ఆ రోజు నువ్వు డాక్టరుకి ఏదో చెప్పుకుంటానన్నావు."

"ఇప్పుడెందుకు? లెక్క తేలిందిగా."

"నువ్వు చెప్పింది లెక్కలో లేదు. నేను చెప్పనివ్వలేదు. నాకు చెప్పు."

కోరాం ఆగింది. సిపోరా చాలాసేపు ఆమె ముంజేతిమీద పంటి గాట్లవైపు చూసింది. కొబ్బరి అంటిన చేతులు ఒళ్లో తుడుచుకొని, ముందుకు జరిగి, అరుగు అంచున కూర్చున్నది. లోపలికి రమ్మనలేదు.

"పోయినేడువా, మొన్నటివా?"

"అన్నీ."

"పోయినేడు మొదట పోయింది నల్లది. మూతిమీద తెల్లచుక్క ఉండేది. పాలు తాగుతూ తాగుతూ వదిలేసింది. నేను ఎండదెబ్బ అనుకున్నాను," అని మొదలుపెట్టింది సిపోరా. ఫువతీనో గులకరాళ్లమీద అలాగే కూర్చొని, తల దించుకొని, రెండోది ఎలా ఉండేదని అడిగింది.